నేల చెప్పే సాక్ష్యం: గోలకొండ పరిసరాలు, ప్రాథమిక పాఠశాల బాలలు, స్థానిక చరిత్ర

చరిత్ర అంటే పాఠ్యపుస్తకంలో ఉండేదని మన బాలబాలికలు సాధారణంగా అనుకుంటారు. ఆ పుస్తకంలో రాజుల పేర్లుంటాయి, యుద్ధాల తేదీలుంటాయి, పరీక్షలో రాగల ప్రశ్నలుంటాయి. పరీక్ష కాగానే వాటిలో చాలా భాగం మరపున పడుతుంది. ఆ పిల్లలే ప్రతిదినం బడికి పోయే దారిలో నాలుగు వందల ఏళ్ళనాటి మస్జిదు గోడను ఆనుకొని నడుస్తారు. పూడిపోయిన మెట్లబావి ప్రక్కన గోలీలాడుకుంటారు. పాత చెరువు కట్టమీద సైకిలు తొక్కుతారు. ఆ గోడ, ఆ బావి, ఆ కట్ట కూడా చరిత్రేనని వారికి చెప్పేవారు అరుదు.

స్థానిక పురావస్తువుల పరిశీలన ప్రాథమిక విద్యలో భాగం కావాలనే మాట కొత్తది కాదు. పూర్వీకుల ఘనత పిల్లలకు తెలియాలన్నది అందుకు తరచుగా చెప్పే కారణం. ఆ కారణం తప్పు కాదు గాని, అది మాత్రమే చాలదు. ఘనతను గురించి తరగతి గదిలో కూర్చోబెట్టి ఉపన్యాసం ద్వారా కూడా చెప్పవచ్చు. పిల్లవాణ్ణి రాతి దగ్గరకు తీసుకొనిపోతే తప్ప నేర్పలేనిది మరొకటి ఉన్నది. విన్న మాటను కంటితో చూచిన ఆధారంతో సరిపోల్చుకోవడమే అది. ఈ అలవాటు చిన్ననాడే పడినవాడు తన వారిని పొగిడే కట్టుకథకూ లొంగడు, ఇతరులను నిందించే కట్టుకథకూ లొంగడు. చరిత్ర పేరిట అనేక వదంతులు ప్రచారంలో ఉండే సమాజంలో ఈ శిక్షణ ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. గోలకొండ, హైదరాబాదు పరిసరాలను ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చూచి చెప్పిన పూర్వులు

ముస్లిం విద్వాంసుల చరిత్ర రచనలో ప్రత్యక్ష పరిశీలనకు గౌరవప్రదమైన స్థానం ఉన్నది. క్రీ.శ. 1030 ప్రాంతంలో హిందూదేశాన్ని గురించి గ్రంథం వ్రాసిన అబూ రైహాన్ అల్‌బీరూనీ ఉత్తరభారత మైదానాలలో నేలను తవ్వినప్పుడు బయటపడే గుండ్రని రాళ్ళను గమనించాడు. పర్వతాలకు దగ్గరలో, నదీ ప్రవాహం వడిగా ఉండే చోట్ల ఈ రాళ్ళు పెద్దవిగా ఉన్నాయి. దూరం పోయినకొద్దీ చిన్నవై, చివరకు ఇసుకగా మారుతున్నాయి. ఈ ప్రదేశం ఒకప్పుడు సముద్రమనీ, నదులు తెచ్చిన ఒండ్రుతో క్రమంగా నిండిందనీ ఆయన దీనినిబట్టి ఊహించాడు. ఆ నేలను గురించి అలా చెప్పిన గ్రంథమేదీ ఆయన చేతిలో లేదు. రాయి పరిమాణమే ఆయనకు ఆధారమైంది.

బగ్దాదుకు చెందిన వైద్యుడు అబ్దుల్ లతీఫ్ (1162-1231) ఈజిప్టులో ఉండగా 1200 తరువాత అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. ఆ రోజులలో గుట్టలుగా పడి ఉన్న అస్థిపంజరాలను ఆయన పరీక్షించాడు. మనిషి క్రింది దవడ రెండు ఎముకల కూర్పు అని గ్రీకు వైద్యుడు గాలెన్ వ్రాసిన మాటను వెయ్యేళ్ళుగా అందరూ ఒప్పుకొంటున్నారు. రెండు వేలకు పైగా పుర్రెలు చూచిన మీదట, అది ఒకే ఎముక అని అబ్దుల్ లతీఫ్ నిర్ధారించాడు. గాలెన్ పట్ల ఆయనకు ఉన్న గౌరవం దీనివల్ల తగ్గలేదు. అయితే ఎంతటి విద్వాంసుని మాటకన్నా కంటికి కనిపించిన వాస్తవమే బలమైనదని ఆయన భావించాడు. ఈజిప్టులోని ప్రాచీన కట్టడాలను నిధుల ఆశతో పగులగొట్టేవారిని ఖండించి, వాటిని కాపాడటం వివేకవంతుల లక్షణమని చెప్పినవాడు కూడా ఆయనే.

ఇబ్నె ఖల్దూన్ 1377లో ముఖద్దిమా వ్రాస్తూ, కేవలం విన్నదాన్ని యథాతథంగా ఎక్కించే చరిత్రకారులను విమర్శించాడు. మూసా ప్రవక్త కాలంనాటి సైన్యం ఆరు లక్షలు అన్న లెక్కను తీసుకొని, అంత సైన్యం ఆ నేలమీద ఎలా నిలిచింది, దానికి ఆహారం ఎలా అందింది అని ప్రశ్నించాడు. 19వ శతాబ్దంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఢిల్లీ కట్టడాలను గురించి 'ఆసారుస్ సనాదీద్' (1847) రచించేటప్పుడు, కుతుబ్ మీనార్ మీద ఎత్తుగా ఉన్న శాసనాలను చదవటానికి బుట్టలో కూర్చొని పైకి వ్రేలాడిన సంగతి ప్రసిద్ధమే.

ఈ నలుగురూ చేసిన పని ఒక్కటే: విన్నదానితో సరిపెట్టుకోక వాస్తవంతో సరిచూచుకున్నారు. బీరూనీ చేసిన పరిశీలనకు ఆరేడేళ్ళ పిల్లవాడి కళ్ళు చాలు. ఇబ్నె ఖల్దూన్ అడిగిన ప్రశ్నకు కూడికలు, తీసివేతలు వస్తే చాలు. పెద్దవారి విద్యగా కనిపించే ఈ పని మూలంలో పిల్లలకు దగ్గరి పని.

కోటలోని ఒక శాసనం

గోలకొండ ఇందుకు అనువైన చోటు. కోట ఉన్న గుట్ట, దాని చుట్టూ పరుచుకున్న బండలు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. కోటగోడలో పేర్చిన రాయీ, గుట్టమీద సహజంగా నిలిచిన రాయీ ఒకటేనని పిల్లలు తడిమి చూచి చెప్పగలరు. రాయిని ఎక్కడినుండి తెచ్చారు అనే ప్రశ్నకు సమాధానం వారి చేతిక్రిందనే ఉన్నది. మనిషి కట్టిన గోడ ఎక్కడ మొదలైంది, గుట్ట ఎక్కడ ముగిసింది అని వెదకడమే భూదృశ్య చరిత్రలో మొదటి పాఠం.

కాకతీయుల కాలంలో ఇక్కడ మట్టికోట ఉండేదని ప్రతీతి. 14వ శతాబ్దంలో అది బహమనీల చేతికి వచ్చింది. వారి కాలంలో తెలంగాణకు అధికారిగా వచ్చిన సుల్తాన్ ఖులీ కుతుబుల్ ముల్క్ కుతుబ్‌షాహీ వంశానికి మూలపురుషుడు. ఆయన 1518లో స్వాతంత్ర్యం ప్రకటించుకొని సుల్తాను అయినాడని చాలా పాఠ్యపుస్తకాలు వ్రాస్తాయి. పిల్లలు ఆ సంవత్సరాన్ని కంఠస్థం చేస్తారు.

బాలాహిసార్ ద్వారం దగ్గర సుల్తాన్ ఖులీ కట్టించిన జామె మస్జిదు ఉన్నది. దాని శాసనం హిజ్రీ 924, అనగా 1518 నాటిది. ఆ శాసనంలో పాలకుడుగా పేర్కొన్నది బహమనీ సుల్తాను మహమూద్ షాహ్‌ను. సుల్తాన్ ఖులీ అక్కడ తాను రాజునని చెప్పుకోలేదు. 1543లో మరణించిన ఆయన సమాధి గోలకొండకు సమీపంలోని కుతుబ్‌షాహీ గోరీల ప్రాంగణంలో ఉన్నది. దాని ఫలకం మీద కూడా ఆయన ప్రజలు పిలుచుకొన్న 'బడే మలిక్' అనే పేరుతో కనిపిస్తాడే గాని షాహ్ బిరుదుతో కాదు. ప్రముఖ చరిత్రకారుడు హారూన్ ఖాన్ షేర్వానీ 1974లో వెలువడిన తన కుతుబ్‌షాహీ చరిత్రలో ఈ ఆధారాలను చర్చించి, సుల్తాన్ ఖులీ స్వాతంత్ర్య ప్రకటన చేశాడనే వాడుక మాటను అంగీకరించలేదు. అధికారం ఆయన చేతిలో ఉన్నమాట నిజమే. ప్రకటన మాత్రం ఎక్కడా కనిపించదు.

ఐదవ తరగతి పిల్లలకు ఈ చర్చ అంతా అవసరం లేదు. కాని పుస్తకం ఒక మాట చెబుతున్నది, రాయి మరొక మాట చెబుతున్నది, ఇప్పుడు ఎవరిని ఏమని అడగాలి అన్న ప్రశ్న వారికి తప్పక అర్థమవుతుంది. ఆ ప్రశ్న ఒకసారి మనసులో పడిన తరువాత ఆ పిల్లలు చరిత్ర పుస్తకాన్ని చదివే తీరే మారుతుంది.

తీసివేత లెక్కతో తేలే కథ

మూసీ మీద ఉన్న పురానాపూల్ 1578లో ఇబ్రాహీం కుతుబ్ షాహ్ కాలంలో పూర్తి అయింది. యువరాజు ముహమ్మద్ ఖులీ తన ప్రేయసిని కలుసుకోవడానికి వరదలో గుర్రాన్ని నదిలోకి దూకించాడనీ, అది విని కలవరపడిన తండ్రి ఈ వంతెన కట్టించాడనీ ఒక కథ ఇంటింటా చెప్పుకొంటారు. కథ చక్కనిదే. ముహమ్మద్ ఖులీ పుట్టినది 1566లో. పిల్లలు పలకమీద తీసివేత వేస్తే, వంతెన పూర్తి అయిన సంవత్సరానికి ఆ యువరాజుకు పన్నెండేళ్ళని తేలుతుంది. వంతెన పని మొదలయ్యేనాటికి ఇంకా చిన్నవాడు. తమకన్నా రెండేళ్ళు మాత్రమే పెద్దవాడైన ఒక బాలుని గురించి ఈ కథ చెబుతున్నారని తెలిసినప్పుడు పిల్లలు నవ్వుకుంటారు. ఆ నవ్వులోనే పాఠం అందుతుంది.

అయితే అంతటితో ఆగకూడదు. కథ నిజం కాకపోతే వంతెన ఎందుకు కట్టారు? ఈ ప్రశ్నకు జవాబు నేలమీద దొరుకుతుంది. గోలకొండ కోటనుండి వంతెన వైపు నడిస్తే దారిలో కార్వాన్ వస్తుంది. బిడారులు, అనగా వర్తక సమూహాలు దిగిన చోటు కనుక ఆ పేరు. ఎడ్లమీద, ఒంటెలమీద సరుకులు వచ్చే ఆ బాట మూసీని దాటి దక్షిణానికి పోవాలి. వానాకాలంలో నది అడ్డు వస్తుంది. చార్మినార్ నిర్మాణానికి పదమూడేళ్ళ ముందే వంతెన ఉన్నదంటే, నగరం వంతెనను వెదుక్కుంటూ అవతలి ఒడ్డుకు పోయిందని చెప్పవచ్చు. కట్టుకథ పోయినచోట దానికంటె ఆసక్తికరమైన సంగతి బయటపడింది.

కార్వాన్‌లోనే ఉన్న టోలీ మస్జిదు గురించి కూడా ఒక కథ ఉన్నది. మక్కా మస్జిదు నిర్మాణానికి అయిన ఖర్చులో రూపాయికి ఒక దమ్మిడీ చొప్పున మూసాఖాన్ అనే అధికారికి ముట్టిందనీ, ఆ సొమ్ముతో ఆయన దీనిని కట్టించాడనీ చెబుతారు. దీనిని దమ్మిడీ మస్జిదు అనటం అందువల్లనే. ఇక్కడి శాసనంలో మూసాఖాన్ పేరూ, హిజ్రీ 1082 అనే సంవత్సరమూ ఉన్నాయి. కట్టించినవాడు, కాలం ఈ రెండూ శాసనం వల్ల రూఢి అయినవి. దమ్మిడీల సంగతి జనశ్రుతి. ఒకే కట్టడం విషయంలో ఏది రూఢి, ఏది జనశ్రుతి అని రెండు గడులలో విడివిడిగా వ్రాయగలిగిన పిల్లవాడు చరిత్ర విద్యలో ప్రవేశించినట్లే.

నీటి త్రోవలు, మొక్కలు, పేర్లు

శాసనం లేని చోట కూడా నేల మాట్లాడుతుంది. సుమారు 120 మీటర్ల ఎత్తున్న గుట్టమీద రాజసౌధానికి నీరు ఎలా చేరింది? దుర్గం చెరువునుండి మట్టిగొట్టాల ద్వారా నీరు కోటకు వచ్చేది. అక్కడినుండి అంచెలంచెలుగా తొట్లలో నింపుతూ, ఎడ్లతో త్రిప్పే నీటి చక్రాలతో పైకి తోడేవారు. గోడలలో ఇమిడిన ఆ మట్టిగొట్టాల ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక్కొక్క తొట్టి దగ్గర ఆగి, క్రిందిదానికి దీనికి మధ్య ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టి చిత్రం గీస్తే, నీరు ఎక్కిన దారి అంతా పిల్లల పుస్తకంలో ఉంటుంది. ద్వారం దగ్గర గుమ్మటం క్రింద చప్పట్లు కొడితే పైన వినిపించే ధ్వని వారికి ఎలాగూ ఇష్టమే.

నయాఖిలాలో 'హతియాన్ కా ఝాడ్' అని పిలిచే మహావృక్షం ఉన్నది. చుట్టుకొలత 25 మీటర్లకు పైబడినది. ఇది బావోబాబ్ జాతి చెట్టు. దీని సొంత నేల ఆఫ్రికా. గోలకొండకు ఇది ఎలా వచ్చింది? అరబ్బు వర్తకులు తెచ్చారని చెబుతారు. ఎవరు తెచ్చినా, సముద్రాలమీద సాగిన రాకపోకలు లేకుండా ఈ చెట్టు ఇక్కడ మొలవదు. పిల్లలు చేతులు కలుపుకొని చెట్టు చుట్టూ నిలబడి, ఎంతమంది పట్టారో లెక్కించి, ప్రపంచ పటంలో ఆఫ్రికాను చూపితే ఒకే పూటలో గణితం, భూగోళం, చరిత్ర మూడూ నేర్చుకున్నట్లవుతుంది.

ఊరి పేర్లు కూడా పురావస్తువులే. పాతబస్తీలోని తలాబ్‌కట్ట పేరులో ఉర్దూ 'తలాబ్', తెలుగు 'కట్ట' కలిసి ఉన్నాయి; రెండు భాషల ప్రజలు ఒకే చెరువు నీరు త్రాగినందుకు ఆ పేరే సాక్షి. కుతుబ్‌షాహీల ఫర్మానాలలో కొన్ని ఫార్సీ, తెలుగు రెండింటిలో వ్రాయబడటం చూసినా ఇదే తెలుస్తుంది. మాసాబ్‌ట్యాంక్ అనేది 'మా సాహెబా తలాబ్' అనే మాటకు వచ్చిన మార్పు; రాజకుటుంబంలోని ఒక గౌరవనీయురాలి పేరు అది. ఆ చెరువు నేడు లేదు, పేరు మిగిలింది. కోటలో గుట్ట పైభాగాన మస్జిదు, జగదాంబ మహాకాళి ఆలయం దగ్గరదగ్గరగా ఉన్నాయి. ప్రతి ఆషాఢంలో బోనాలు ఇక్కడినుండే మొదలవుతాయి. ఈ నేల చరిత్రను ఒక్క మతం వారి చరిత్రగా వ్రాయబోయినవారికి ఆ గుట్టే అడ్డు తగులుతుంది.

చిన్నపిల్లలకు సాధ్యమా?

ఇంత చిన్న వయసులో ఇదంతా బరువు కాదా అనే సందేహం సహజం. ఈ దేశంలో దీనికి పూర్వప్రయత్నం లేకపోలేదు. హైదరాబాదులో 1897లో జన్మించి తరువాత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుసేన్ అధ్యక్షతన, 1937 వార్ధా సభ అనంతరం తయారైన మౌలిక విద్యా ప్రణాళిక, బాలల చదువును వారి పనితోనూ పరిసరాలతోనూ ముడివేయాలని కోరింది. బ్రిటన్‌లో 1972లో బాలల కొరకు ప్రారంభమైన 'యంగ్ రెస్క్యూ' అనే సంఘం నేడు యంగ్ ఆర్కియాలజిస్ట్స్ క్లబ్ పేరుతో ఎనిమిదేళ్ళ పిల్లలనుండి చేర్చుకుంటున్నది. మన పాఠశాలలలో పరిసరాల విజ్ఞానం ఎలాగూ ఉన్నది. కొత్త పాఠ్యాంశం అక్కరలేదు, ఉన్నదాన్ని బడి గడప దాటిస్తే చాలు.

విద్యను ఒకేసారి కుమ్మరించరాదనీ, మొదట స్థూలంగా, తరువాత వివరంగా, చివరకు చిక్కుముడులతో సహా మూడు ఆవృత్తులుగా నేర్పాలనీ ఇబ్నె ఖల్దూన్ చెప్పాడు. ప్రాథమిక పాఠశాలలో 3, 4, 5 తరగతులకు ఇది చక్కగా సరిపోతుంది.

మూడవ తరగతిలో చూడటం, లెక్కపెట్టడం చాలు. బడినుండి మస్జిదుకు ఎన్ని అడుగులు, దారిలో ఎన్ని బావులు, ఏ గోడ రాయిది, ఏది ఇటుకది అని గమనిస్తారు. గోరీలలో పురుషుల సమాధిపై కలందాను ఆకారం, స్త్రీల సమాధిపై పలక ఆకారం ఉండే వాడుకను ఒకసారి చూపితే, తరువాత వారే గుర్తుపడతారు. హయాత్ బక్షీ బేగం సమాధి సుల్తానుల సమాధులతో సమానంగా ఎందుకు నిలిచింది అన్న ప్రశ్న అప్పుడు బాలికలే వేస్తారు.

నాలుగవ తరగతిలో పటం గీయడం, పెద్దలను అడగడం. ఇక్కడ హదీసు విద్యలో ప్రసిద్ధమైన పద్ధతి ఒకటి ఎంతో ఉపకరిస్తుంది. మాటతో పాటు అది ఎవరినుండి ఎవరికి అందిందో ఆ పరంపరను కూడా చెప్పడమే ఇస్నాద్. బావిని గురించి తాత చెప్పిన సంగతి వ్రాసుకునేటప్పుడు, ఆయన అది తాను చూచినదా, తన తండ్రి చెప్పగా విన్నదా అని కూడా పిల్లవాడు అడిగి వ్రాయాలి. ఇద్దరు పెద్దలు రెండు విధాలుగా చెబితే రెండూ వ్రాయాలి. దేనినీ కొట్టివేయకూడదు.

ఐదవ తరగతిలో తేదీలు, పోలికలు. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కన్నా సుమారు 11 రోజులు తక్కువ కనుక, హిజ్రీ సంవత్సరంలో నూటికి మూడు చొప్పున తగ్గించి 622 కలిపితే క్రీస్తుశకం రమారమిగా వస్తుంది. 924లో 28 తీసివేస్తే 896. దానికి 622 కలిపితే 1518. టోలీ మస్జిదు 1082ను ఇలాగే లెక్కిస్తే 1671-72 వస్తుంది. చార్మినార్ తేదీకి సంప్రదాయంగా చెప్పే 'యా హాఫిజ్' అనే మాటలోని అక్షరాలకు అబ్జద్ విలువలు 10, 1, 8, 1, 80, 900 వేసి కూడితే సరిగా 1000 వస్తుంది. అది 1591-92కు సమానమైన హిజ్రీ సంవత్సరం. మక్తబులో అరబీ అక్షరాలు నేర్చిన పిల్లలకు ఈ లెక్క పండుగలా ఉంటుంది. 1912-15 మధ్య లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన హైదరాబాదు నగర పటాలను నేటి వీధులతో పోల్చడం కూడా ఈ తరగతి పనే.

ఉపాధ్యాయుడు జాగ్రత్త పడవలసిన విషయం ఒకటున్నది. కఠిన శిక్షలు పిల్లలకు అబద్ధమాడటం నేర్పుతాయని ఇబ్నె ఖల్దూన్ హెచ్చరించాడు. చూడనిదాన్ని చూచినట్లు వ్రాయకుండా ఉండాలంటే, 'తెలియలేదు' అని వ్రాసిన పిల్లవాడికి కూడా మార్కులు పడాలి.

తవ్వరాదు, తీయరాదు

పురావస్తు పరిశీలన అంటే తవ్వకమని చాలామంది అనుకుంటారు. పిల్లల విషయంలో మొదటి నియమమే తవ్వరాదన్నది. ఒక పెంకు ముక్క ఎక్కడ, ఏ పొరలో, వేటి ప్రక్కన ఉన్నదన్నదే దాని చరిత్ర. చోటునుండి తీసి జేబులో వేసుకొన్న మరుక్షణం అది ఉత్త పెంకు అవుతుంది. చట్టం కూడా దీనిని అనుమతించదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన విలువైన వస్తువును జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో జరిగిన సవరణ, కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలను నిషేధించి, ఆపై 200 మీటర్ల వరకు నియంత్రించింది. తెలంగాణకు 2017లో ప్రత్యేక వారసత్వ చట్టం వచ్చింది. పిల్లలు చేయవలసినది చూడటం, కొలవటం, గీయటం, పెద్దలకు తెలియజేయటం. శాసనాలమీద సున్నం, సుద్ద, నూనె పూయరాదు. పగటివేళ ప్రక్కనుండి పడే వెలుతురులో అక్షరాలు వాటంతట అవే స్పష్టమవుతాయి. పాడుబడిన బావుల దగ్గరకు పెద్దల తోడు లేకుండా పోనివ్వరాదు.

మరచిన నేల తీర్చుకొనే బాకీ

ఇదంతా ఇష్టమైనవారు చేసుకొనే వినోదమని భావించేవారు మూసీ చరిత్రను గమనించాలి. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో వేలాది ప్రాణాలు పోయాయి. ఎగువన ఉన్న చెరువులు అనేకం తెగి నది మీదికి వచ్చాయి. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టును పట్టుకొని సుమారు 150 మంది బ్రతికారు. ఆస్పత్రి ఆవరణలో ఆ చెట్టును నేటికీ చూపుతారు. ఆ విపత్తు ఫలితంగానే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినాయి. తరువాతి తరాలు చెరువుల స్థానాన్ని, నీరు పోయే వాగుల స్థానాన్ని మరచిపోయి వాటిమీదే ఇళ్ళు కట్టుకొన్నాయి. 2020 అక్టోబరు వానలలో గోలకొండ ప్రక్కనే ఉన్న షాహ్ హాతిం తలాబ్ పొంగి టోలీచౌకీ కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. నీటికి తన పాత దారి జ్ఞాపకం ఉన్నది, మరచినవారు మనుషులు. బడి పిల్లలు గీసిన చెరువు పటం ఏ కలెక్టరు కార్యాలయంలోనూ చెల్లకపోవచ్చు. కాని ఆ పటం గీసినవాడు పెరిగి పెద్దవాడై స్థలం కొనేటప్పుడు, ఇల్లు కట్టేటప్పుడు, పంచాయతీలోనో మస్జిదు కమిటీలోనో కూర్చున్నప్పుడు, ఈ పల్లం ఎందుకు పల్లంగా ఉన్నదని అడుగుతాడు.

పోయినదాన్ని నిలబెట్టిన ఉదాహరణ కూడా ఆ ప్రాంతంలోనే ఉన్నది. కుతుబ్‌షాహీ గోరీల ప్రాంగణంలో, వర్షాలకు ఒకవైపు కూలిపోయిన బడీ బావిడీతో సహా అక్కడి మెట్లబావులను 2013లో ఆరంభమైన పునరుద్ధరణలో ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి బాగుచేశాయి. గోలకొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. ఆ బావులలో మళ్ళీ నీరు నిలిచింది. అంత పని ప్రతి ఊరిలో జరగడం అసాధ్యం. ప్రతి ఊరిలో జరగగలిగినది ఒకటున్నది: ఆ బావి అక్కడ ఉన్నదని, దాని కొలత ఇంత అని, దాన్ని గురించి ఫలానావారు ఇలా చెప్పారని ఒక బడి పుస్తకంలో నమోదు కావడం.

హైదరాబాదు సంస్థానంలో 1914లో పురావస్తు శాఖ ఏర్పడి, గులాం యజ్దానీ దానికి అధిపతి అయి, దక్కను శాసనాలను, కట్టడాలను వెలుగులోకి తెచ్చారు. అటువంటి పండితులు తరానికి ఒకరిద్దరు పుడతారు. వారు చదివిపెట్టిన శాసనాన్ని కాపాడేది మాత్రం ఆ వీధిలో ఉండే సామాన్య జనం. మస్జిదుకు సున్నం వేయించేటప్పుడు శాసనం మీద కుంచె పడకుండా ఆపేదీ, కొత్త హాలు కట్టేటప్పుడు పాత మిహ్రాబును పగులగొట్టవద్దని చెప్పేదీ, ఖబరస్తాన్ హద్దురాయి ఎక్కడ ఉండేదో చూపేదీ వారే. ఆ జనం నేడు 3వ తరగతిలో కూర్చొని ఉన్నారు. వారికి వీధిలోని రాతిని ఒకసారి చదివి వినిపిస్తే, రేపు దాన్ని గురించి ఎవరు ఏమి చెప్పినా ముందు వెళ్ళి చూచివస్తారు.